స్పానిష్ టౌన్ పాత ఇనుప వంతెన: అమ్మను తీసుకుని వెళ్లొచ్చా?

నీలిగొడుగు:

నమస్కారం అండీ. ఆఫీసు ప్రాజెక్టు మీద జమైకా వచ్చాం, న్యూ కింగ్‌స్టన్‌లో ఉంటున్నాం. మా అమ్మ కూడా మాతో ఉంది. ఆవిడ రిటైరైన సోషల్ టీచర్. బీచ్‌కి తీసుకెళ్తే పావుగంటలో "ఇంకేముంది ఇక్కడ?" అంటుంది. పాత కట్టడం అంటే మాత్రం మోకాళ్ల నొప్పి కూడా గుర్తుకు రాదు.

స్పానిష్ టౌన్‌లో రియో కోబ్రే నది మీద 1801 నాటి పోత ఇనుము వంతెన ఉందని ఎక్కడో చదివింది. పశ్చిమార్ధగోళంలో ఆ రకం వంతెనల్లో అదే అన్నిటికంటే పాతదట. అప్పట్నుంచీ ఒకటే పోరు. ఆఫీసులో అడిగితే ఇద్దరు నవ్వేశారు. ఒకాయన మాత్రం "అక్కడికి ఎందుకు?" అని సీరియస్‌గా మొహం పెట్టాడు. గొడవల ఊరని విన్నాను, అందుకే కాస్త టెన్షన్.

నిజంగా చూడదగ్గదేనా? ఎలా వెళ్లాలి? పెద్దావిడ నడవగలదా? మేం శాకాహారులం, అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా? నాకు శనివారం మాత్రమే సెలవు. ఎవరైనా వెళ్లినవాళ్లుంటే చెప్పండి.

---

సండేడ్రైవర్:

నిజం చెప్పమంటారా? వంతెన కోసమని స్పానిష్ టౌన్ దాకా పోవడం దండగ. పెద్దావిడకి చరిత్ర కావాలంటే పోర్ట్ రాయల్ తీసుకెళ్లండి. 1692 భూకంపంలో సగం ఊరు సముద్రంలోకి పోయిన చోటు అది. ఫోర్ట్ చార్లెస్ ఉంది, 1907 భూకంపానికి పక్కకి ఒరిగిపోయిన గిడ్డీ హౌస్ ఉంది, లోపలికెళ్తే తల తిరుగుతుంది. ఎయిర్‌పోర్టు రోడ్డే కాబట్టి దారి తెలిసిందే. వంతెన అంటారా, గూగుల్‌లో ఫొటో చూపించండి, సరిపోతుంది.

---

ఇనుపకమాను:

పై ఆయన మాట వినకండి. పోర్ట్ రాయల్ బాగుంటుంది, కాదనను. కానీ వంతెన చూస్తానన్న మనిషికి కోట చూపించి సరిపెట్టడం ఏమిటండీ!

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. మావారి ఉద్యోగం వల్ల చాలా ఏళ్లుగా కింగ్‌స్టన్‌లోనే ఉంటున్నాం. ఆ వంతెన దగ్గరికి వీలున్నప్పుడల్లా వెళ్తుంటాను, మా పిల్లలు "అమ్మ మళ్లీ తుప్పు చూడ్డానికి పోయింది" అంటారు.

ముందు మీ టెన్షన్ సంగతి. స్పానిష్ టౌన్‌లో ముఠాల గొడవలు ఉన్న మాట నిజమే. 2018లో ఈ ఊరు ఉన్న సెయింట్ కేథరిన్ నార్త్ ప్రాంతంలో ప్రభుత్వం ఎమర్జెన్సీ కూడా పెట్టింది. మీ ఆఫీసువాళ్లు ఊరికే భయపెట్టడం లేదు. అయితే ఆ ఊళ్లో లక్షకు పైగా జనం ఉన్నారు, రోజూ బడికి పోతారు, బజారుకు పోతారు, కింగ్‌స్టన్‌లో ఉద్యోగాలకు వచ్చి పోతారు. మీ ఆఫీసులోనే ఇద్దరు ముగ్గురు అక్కడినుంచి వచ్చేవాళ్లు ఉండే ఉంటారు. నవ్వినవాళ్లని వదిలేసి వాళ్లని అడగండి, ఆ వారం ఊరు ఎలా ఉందో వాళ్లకే తెలుస్తుంది. ముందురోజు వార్తలు చూడండి. గొడవ ఉంటే మానేయండి, వంతెన రెండు వందల ఏళ్లకు పైగా ఉంది, ఇంకో వారం ఉంటుంది.

ఎలా వెళ్లాలంటే: కింగ్‌స్టన్ నుంచి పడమరగా ఇరవై కిలోమీటర్లు. హాఫ్ వే ట్రీ నుంచి బస్సులున్నాయి, ఎర్ర నంబరు ప్లేటు రూట్ టాక్సీలున్నాయి. ఒంటరిగా అయితే నేను బస్సే ఎక్కేదాన్ని. పెద్దావిడతో మాత్రం వద్దు. రూట్ టాక్సీలో వెనక సీటులో నలుగురిని కుక్కుతారు, మోకాళ్లు పోతాయి. తెలిసినవాళ్ల ద్వారా ఒక డ్రైవర్ని పూటకి మాట్లాడుకోండి. ఎక్కకముందే మొత్తం ఎంతో, ఎన్ని చోట్ల ఆగాలో, ఎంతసేపు కాచుకోవాలో తేల్చుకోండి. ఊరు తెలిసిన డ్రైవరైతే మంచిది, ఎక్కడ ఆపాలో ఎక్కడ ఆపకూడదో అతనికి తెలుస్తుంది. మీరు వంతెన దగ్గర దిగినప్పుడు అతన్నీ దిగి రమ్మనండి.

శనివారం కాకుండా ఒక్క శుక్రవారం సెలవు పెట్టలేరా? శనివారం సంత హడావిడి, రోడ్లన్నీ జామ్. పైగా మ్యూజియం లాంటివి వారాంతంలో తెరిచి ఉంటాయని నమ్ముకోలేం. వారం మధ్యలో, పొద్దున తొమ్మిది లోపు చేరుకుంటే ఎండా ఉండదు, జనమూ ఉంటారు. జనం ఉండటమే మీకు రక్షణ.

ఇక వంతెన. చూడదగ్గదేనా అని అడిగారు. టికెట్ కౌంటరూ, గైడూ, చాయ్ దుకాణమూ ఉంటాయనుకుని వెళ్తే ఏడుపొస్తుంది. ఊరి తూర్పు కొసన, నది మీద ఒక పాత కమాను. చుట్టూ పొదలు, చెత్త. జనం దాని మీద మామూలుగా నడిచి పోతుంటారు, బండ్లు పోవు. పైన నిలబడితే మీకు కమాను కనిపించదు, ఒక పాత బాట కనిపిస్తుంది, అంతే. చాలామంది అక్కడే సెల్ఫీ తీసుకుని "ఇంతేనా" అని వచ్చేస్తారు. పక్క గట్టు వైపు నాలుగడుగులు వేసి, ఏటవాలుగా చూడాలి. అప్పుడు కింద నాలుగు ఇనుప రిబ్బులు, అంటే పక్కటెముకల్లా వంగిన దూలాలు, కనిపిస్తాయి, పక్కపక్కనే, ఒడ్డు నుంచి ఒడ్డుకి ఒక్క దూకు. 80 అడుగులకు కాస్త ఎక్కువ. మధ్యలో స్తంభం లేదు.

ఇప్పుడు ఆ రెండు చివర్లు చూడండి. ఇనుము ఆగిపోయి రాతి కట్టడం మొదలయ్యే చోటు. మేం అబట్‌మెంట్ అంటాం, ఒడ్డు దిమ్మె అనుకోండి. నాకు ఆ వంతెనలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఎందుకో చెప్తాను.

పోత ఇనుమును నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది. లాగితే, వంచితే పుటుక్కున విరుగుతుంది. అందుకని ఆ రోజుల్లో దాన్ని కమానుగా పేర్చేవాళ్లు. కమానులో ప్రతి ముక్కా పక్క ముక్కను నొక్కుతూ ఉంటుంది, లాగుడు దాదాపు ఉండదు. కానీ ఆ నొక్కుడంతా ఎక్కడికో పోవాలి కదా? చివరికి రెండు దిమ్మెల మీదికి పోతుంది. కిందికి మాత్రమే కాదు, బయటికి కూడా తోస్తుంది. దిమ్మె ఒక్క అంగుళం వెనక్కి జరిగినా కమాను చదునవుతుంది, చదునైతే ఇనుములో లాగుడు మొదలవుతుంది, పగులు పడుతుంది. కాబట్టి ఇనుప వంతెన అని పేరు పెట్టుకున్నా దాన్ని బతికించేది రాయే.

ఈ వంతెన డిజైన్ చేసింది థామస్ విల్సన్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు. ఇదే విల్సన్ లండన్ పడమట స్టేన్స్ అనే చోట థేమ్స్ మీద ఇంకో ఇనుప వంతెన కట్టాడు, 1803లో తెరిచారు. కొద్ది రోజులకే పగుళ్లిచ్చింది. ఇనుము తప్పు కాదు, దిమ్మె తోపుడుకి ఆగలేదు. జమైకాలోది మాత్రం నిలిచింది. ఇక్కడి రాతిపని గట్టిగా చేశారన్నమాట.

అయితే రెండు వందల ఏళ్ల తర్వాత ఇక్కడా దెబ్బ తగిలింది దిమ్మెలకే. రియో కోబ్రే మామూలప్పుడు చూస్తే "ఇదా నది" అనిపిస్తుంది. వానాకాలంలో, అందులోనూ తుఫాను వస్తే, కొండల నుంచి ఎర్రమట్టి, చెట్ల మొద్దులు మోసుకుంటూ విరుచుకుపడుతుంది. పునాది కింద మట్టిని కోసేస్తుంది. వంతెన శిథిలమవుతోందని 1998లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్లు ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చారు. తర్వాత జమైకా నేషనల్ హెరిటేజ్ ట్రస్ట్ మరమ్మతు పని పట్టింది, 2010 ఏప్రిల్‌లో మళ్లీ నడకకు తెరిచారు. ఆ పనంతా ఎక్కువగా రాతి దిమ్మెల చుట్టూ తిరిగిందంటే ఇప్పుడు మీకు ఆశ్చర్యం ఉండదు.

మీ అమ్మగారికి నడక ఇబ్బంది ఉండదు, పైన చదునే. గట్టు వైపు మాత్రం ఎగుడుదిగుడు. చేయి పట్టుకోండి. వంతెన కిందికి, నీళ్ల దగ్గరికి దిగొద్దు. ఎవరో ఒకరు "నేను చూపిస్తా రండి" అంటారు, అప్పుడూ దిగొద్దు. ఫోన్‌తో ఫొటో తీసుకోండి, పెద్ద కెమెరా మెడలో వేసుకుని తిరగొద్దు. మనుషుల ఫొటో తీసేముందు అడగండి. ఇంకొకటి, ఇక్కడ ఎవరినైనా దారి అడగాలంటే ముందు "గుడ్ మార్నింగ్" అనాలి. అనకుండా నేరుగా అడిగితే మొహం మాడ్చుకుంటారు, వాళ్ల దృష్టిలో అది పొగరు. మీ అమ్మగారు టీచరు కాబట్టి ఆవిడకి ఇది నచ్చుతుందిలెండి.

తిండి: కాలలూ అని పిలిచే ఆకుకూర మన తోటకూర జాతే. కాలలూ ప్యాటీ (ఆ కూర లోపల పెట్టి కాల్చిన పఫ్ లాంటిది) దొరికితే తినండి. కానీ ఆర్డర్ ఇచ్చేముందు ఉప్పుచేప వేశారా అని తప్పకుండా అడగండి, ఇక్కడ కూరలో చేప వేసి "వెజిటబుల్" అనడం మామూలే. రాస్తాఫారియన్ మతం వాళ్ల ఐటల్ తిండి అయితే మాంసం ఉండదు, ఉప్పు కూడా తక్కువే. ఊరగాయ సంచిలో పెట్టుకుపోండి. చింతపండు, పంచదార కలిపిన ఉండలు రోడ్డు పక్కన అమ్ముతారు, అవి మీ అమ్మగారికి నచ్చకపోతే నన్ను అడగండి.

---

నీలిగొడుగు:

అమ్మో, ఇంత వివరంగా! చాలా థాంక్స్ మేడమ్. శుక్రవారం సెలవు అడిగాను, ఇచ్చారు.

అమ్మకి మీ జవాబు చదివి వినిపించాను. దిమ్మెల సంగతి రెండుసార్లు చదివించుకుంది. ఆవిడకి రెండు సందేహాలు. ఒకటి, జమైకాలో రాయి ఉంది, కలప ఉంది, అంత దూరం నుంచి ఓడలో ఇనుము తెప్పించుకోవడం ఎందుకు? రెండు, ఇంగ్లండ్ వాళ్లు తమ దేశంలో ఇంకా అంతంతమాత్రంగా కడుతున్న కొత్త రకం వంతెనను ఒక చిన్న దీవిలో ఎందుకు కట్టారు? "నా పేరు చెప్పి అడుగు" అంది.

---

పాతకాగితం:

అమ్మగారి రెండో ప్రశ్నకు నేను చెప్తాను, మొదటిది ఇంజనీరు గారికి వదిలేస్తున్నాను.

1801లో స్పానిష్ టౌన్ చిన్న ఊరు కాదండీ, రాజధాని. స్పెయిన్‌వాళ్లు 1534లో విల్లా డి లా వేగా పేరుతో కట్టుకున్నారు, 1655లో ఇంగ్లీషువాళ్లు దీవిని పట్టుకున్నాక కూడా 1872 దాకా పాలన ఇక్కడినుంచే. గవర్నరు ఇల్లు, అసెంబ్లీ, కోర్టు అన్నీ ఇక్కడే. కింగ్‌స్టన్ రేవుకీ రాజధానికీ మధ్య ఈ నది అడ్డం. చక్కెర తోటల వాళ్ల చేతుల్లో అప్పట్లో డబ్బు బాగా ఆడుతోంది. వంతెనకు 4,000 పౌండ్లు ఖర్చయిందంటారు. ఆ డబ్బు ఎవరి చెమట? అప్పటికి దీవిలో జనాభాలో అత్యధికులు బానిసలు. బానిసత్వం పూర్తిగా రద్దయింది 1838 ఆగస్టు 1న. అంటే వంతెన కట్టాక 37 ఏళ్లు దాని మీద నడిచినవాళ్లలో ఎక్కువమందికి తమ కాళ్ల మీద తమకే హక్కు లేదు.

అందుకే ఒక్క వంతెన చూసి వెనక్కి రావద్దు. ఊరి మధ్యలో ఎమాన్సిపేషన్ స్క్వేర్ ఉంది, తప్పకుండా వెళ్లండి. పడమటి వైపు ఓల్డ్ కింగ్స్ హౌస్, 1762 నాటి గవర్నరు భవనం. 1925లో కాలిపోయింది, ముందు గోడ మాత్రం మిగిలింది. విముక్తి ప్రకటన చదివింది దాని మెట్ల మీదే. ఉత్తరం వైపు అడ్మిరల్ రాడ్నీ విగ్రహం, 1782లో ఫ్రెంచివాళ్ల మీద గెలిచి జమైకాను ఇంగ్లీషువాళ్లకు నిలబెట్టినందుకు పెట్టారు. చెక్కింది జాన్ బేకన్. రోమన్ సైనికుడి వేషం వేసి నిలబెట్టారు, ఉక్కపోతలో ఆ వేషమేమిటో! రాజధాని కింగ్‌స్టన్‌కు మారినప్పుడు విగ్రహాన్ని కూడా పట్టుకుపోయారు. ఊరివాళ్లు ఊరుకోలేదు, 1889లో తిరిగి తెచ్చుకున్నారు. ముందున్న రెండు ఫిరంగులు ఆ యుద్ధంలో పట్టుబడిన ఫ్రెంచి ఓడవి.

సెయింట్ జాగో కేథడ్రల్ కూడా నడిచే దూరంలోనే. స్పెయిన్‌వాళ్ల కాలం నాటి గుడి ఉన్న చోట నిలబడింది, 1712 తుఫానులో దెబ్బతింటే 1714లో తిరిగి కట్టారు. లోపల నేలంతా సమాధి రాళ్లే, చూసుకుని నడవాలి.

ఇంజనీరు గారు ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఇలాంటి వంతెనల గురించి మాట్లాడేటప్పుడు డిజైనరు పేరు, ఫ్యాక్టరీ పేరు వస్తాయి, తోటలో చెరుకు కొట్టినవాడి పేరు ఎక్కడా రాదు. పొగడ్త మోతాదు మించిందనిపిస్తుంది నాకు.

---

ఇనుపకమాను:

పాతకాగితం గారూ, అనుకోవడానికేముందండీ, మీరన్నది సబబే. నేనైతే ఆ కారణంగానే వంతెనను ఇంకా జాగ్రత్తగా చూడాలంటాను. కూల్చేస్తే, పొదల్లో వదిలేస్తే, ఆ డబ్బు ఎక్కడిదని అడిగే సందర్భం కూడా పోతుంది. మీరు అడగబట్టే ఒక మాట కలుపుతాను. ఈ ఇనుము పోత పోసింది ఇంగ్లండ్‌లో రాథర్‌హామ్‌లోని వాకర్ల ఫౌండ్రీ. ఆ కాలంలో బ్రిటిష్ నౌకాదళానికి ఫిరంగులు పోసిన పెద్ద కంపెనీల్లో అదొకటి. ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఓడ మీద వాళ్ల ఫిరంగులున్నాయి. ఫిరంగి పోసిన చేతులే వంతెనా పోశాయి. రెండింటికీ డబ్బు వచ్చింది ఒకే సామ్రాజ్యం నుంచి.

ఇక అమ్మగారి మొదటి ప్రశ్న. చాలా మంచి ప్రశ్న, టీచరు గారి పట్టు కనిపిస్తోంది.

రాతి కమాను కట్టాలంటే ముందు కింద కలపతో పూర్తి అచ్చు నిలబెట్టాలి, దాని మీద రాళ్లు పేర్చాలి, చివరి రాయి పెట్టేదాకా అచ్చు కదలకూడదు. నెలల పని. రియో కోబ్రే లాంటి నది మధ్యలో అంత బరువైన అచ్చును అన్ని నెలలు నిలబెట్టడమంటే వరదతో పందెం. మధ్యలో స్తంభాలు వేసి చిన్న చిన్న కమానులు కడదామంటే ప్రతి స్తంభం వరదకు ఎదురే. ఇక కలప వంతెన సులువే, కానీ ఈ తేమలో పుచ్చిపోతుంది, చెదలు తింటాయి, వరదకి తేలిపోతుంది.

ఇనుమైతే ఫ్యాక్టరీలోనే ముక్కలు ముక్కలుగా పోసేయొచ్చు. ఓడలో తెచ్చి ఒడ్డున పేర్చుకుని, ఒకదాని పక్కన ఒకటి బిగించుకుంటూ పోవడమే. అదే పొడవు రాతి కమానుకంటే బరువు చాలా తక్కువ, అచ్చు తేలిగ్గా ఉంటే చాలు, పని త్వరగా తేలిపోతుంది. ఇప్పుడు మనం ప్రీఫాబ్ అంటూ గొప్పగా చెప్పుకునేది అప్పటికే నడుస్తోంది. చక్కెర, రమ్ తీసుకుపోవడానికి ఎలాగూ ఇంగ్లండ్ నుంచి ఓడలు వస్తాయి. వచ్చేటప్పుడు అడుగున బరువు ఉండటం ఓడకీ మంచిదే.

కొత్త రకం అన్నారు కదా, ఎంత కొత్తో చూడండి. ప్రపంచంలో మొదటి పెద్ద పోత ఇనుము వంతెన ఇంగ్లండ్‌లో సెవర్న్ నది మీద, 1779లో నిలబెట్టారు. దాని పొడవు దాదాపు 100 అడుగులు. 1796లో సండర్లాండ్‌లో 236 అడుగుల కమాను వచ్చింది, అందులో కూడా ఈ విల్సనే పనిచేశాడు, ఇనుము కూడా ఇదే వాకర్లది. ఆ ఊపులోనే జమైకా ఆర్డరు. అమెరికాలో మొదటి పోత ఇనుము వంతెన పెన్సిల్వేనియాలో 1839లో గానీ రాలేదు. అంటే వాళ్లకంటే 38 ఏళ్ల ముందే ఇక్కడ జనం ఇనుము మీద నది దాటుతున్నారు. సండర్లాండ్‌లోది ఇప్పుడు లేదు, దాని చోట వేరే వంతెన వచ్చింది. స్టేన్స్‌లోది అప్పుడే పోయింది. విల్సన్ వంతెనల్లో 1810 నాటి టిక్‌ఫర్డ్ వంతెన ఇంగ్లండ్‌లో ఇంకా ఉంది, కానీ అంతకంటే పాతది చూడాలంటే స్పానిష్ టౌన్ పోవాల్సిందే. ఈ మాట ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక ఇంజనీరుతో అంటే ఆయన మొహం చూడాలి.

పోత ఇనుముకి ఇంకో సుగుణం ఉంది. మామూలు ఉక్కు ఈ సముద్రపు గాలికి పొరలు పొరలుగా లేచిపోతుంది, పోత ఇనుము అంత తొందరగా తినబడదు. పైన గోధుమరంగు తుప్పు కనిపించినా కంగారు పడొద్దని అమ్మగారికి చెప్పండి. ఆ రంగు చూసే జనం "అయిపోయింది" అనేస్తారు. ఎక్కడైనా సన్నటి పగులు గీత కనిపిస్తే అప్పుడు కంగారు పడదాం.

---

సండేడ్రైవర్:

సరే, ఒప్పుకున్నాను, వెళ్లి రండి. వెళ్లేటప్పుడు ప్రిజన్ ఓవల్ దగ్గర ఒకసారి ఆపమనండి. జైలు గోడను ఆనుకుని క్రికెట్, ఫుట్‌బాల్ ఆడే గ్రౌండ్. అలాంటిది ఇంకెక్కడా చూడలేదు నేను. వంతెన కంటే ఇదే బాగుంటుందని నా అభిప్రాయం మార్చుకోను.

---

నీలిగొడుగు:

వెళ్లి వచ్చామండీ! అందరికీ థాంక్స్.

ఆఫీసులో స్పానిష్ టౌన్ నుంచే వచ్చే సెక్యూరిటీ గార్డు ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అడిగితే వాళ్ల బావమరిదే డ్రైవరు. మొత్తం ముందే మాట్లాడుకున్నాం. బావమరిది కబుర్లరాయుడు. దారంతా క్రికెట్, మామిడిపళ్ల గొప్ప. జూలీ మామిడి బాగుంటుందా, బాంబే మామిడి బాగుంటుందా అని అమ్మతో వాదన పెట్టుకున్నాడు. ఇద్దరికీ ఒకళ్ల ఇంగ్లీషు ఒకళ్లకి సగమే అర్థమైంది, వాదన మాత్రం ఆగలేదు.

వంతెన దగ్గర ఇంజనీరు గారు చెప్పినట్టే ఉంది. నేను పైన నిలబడి "ఇదేనా" అనుకున్నాను. అమ్మ ఆగకుండా నేరుగా పక్క గట్టు వైపు నడిచేసింది, నేనూ డ్రైవరూ వెనక పరుగు. అక్కడ నిలబడి ఇనుము రాతిని కలిసే చోటు వేలితో చూపిస్తూ డ్రైవరుకి తోపుడు గురించి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి, వేళ్లు ఆనించి, మోచేతులు బయటికి జరిపి చూపించింది. అతను ఎన్నోసార్లు ఈ వంతెన దాటాడట, కిందికి ఎప్పుడూ చూడలేదట. ఇంతలో బడికి పోతున్న యూనిఫామ్ పిల్లలు నలుగురు ఆగారు. "గుడ్ మార్నింగ్ మిస్" అన్నారు. అంతే, అమ్మకి ఇంక జమైకాలో ఏ లోపమూ కనిపించడం లేదు.

చెత్త ఉంది, నిజమే. నీళ్లు తక్కువగా ఉన్నాయి. ఒకాయన వచ్చి కిందికి దింపి చూపిస్తానన్నాడు, డ్రైవరు నవ్వుతూనే వద్దని పంపించేశాడు.

స్క్వేర్‌లో చాలాసేపు ఉన్నాం. కింగ్స్ హౌస్ ముందు గోడ చూసి అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత రాడ్నీ వేషం గురించి మాత్రం పాతకాగితం గారి మాటే అంది. కేథడ్రల్‌లో సమాధి రాళ్ల మీద పేర్లు చదువుతూ కూర్చుంది. తిండికి కాలలూ ప్యాటీ దొరికింది, ఉప్పుచేప లేదు, అడిగాం. చింతపండు ఉండలు అమ్మకి నచ్చలేదు మేడమ్! "పంచదార ఎక్కువ, కారం ఏదీ?" అంది. మీరే అడగమన్నారు కాబట్టి చెప్తున్నాను.

ఇప్పుడు ఆవిడకి కొత్త పోరు మొదలైంది. అదే నది మీద పైన కొండల్లో ఫ్లాట్ బ్రిడ్జి అని ఇంకోటి ఉందని ఆ డ్రైవరు చెప్పాడట. గోడలు లేని వంతెన అంటున్నాడు. దాని మీద కారులో పోవచ్చా?

---

ఇనుపకమాను:

చింతపండు ఉండల విషయంలో అమ్మగారితో వాదించను, పచ్చిమిరపకాయ నంజుకోమనండి.

పోవచ్చు. బాగ్ వాక్ లోయలో ఉంది. ఒకే బండి పట్టే వెడల్పు, పక్కన రెయిలింగ్ లేదు. సిగ్నల్ చూసుకుని ఒకవైపు వాళ్లు ఆగితే ఇంకోవైపు వాళ్లు పోతారు. నీటికి దగ్గరగా, చదునుగా ఉంటుంది కాబట్టి వరద వస్తే మునిగిపోతుంది. 1933 వరదలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో పక్క కొండరాతి మీద గుర్తు ఉంది, డ్రైవరుని అడిగితే చూపిస్తాడు. తల బాగా ఎత్తి చూడాలి. రియో కోబ్రే మీద ఎత్తుగా ఒక్క దూకులో కమాను ఎందుకు వేశారో అమ్మగారికి అక్కడ ఇంకా బాగా అర్థమవుతుంది.

వాన పడిన రోజు, పడిన మర్నాడు వెళ్లొద్దు. రోడ్డు మూసేస్తారు, మూయకపోయినా రాళ్లు జారతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు అయితే బాగుంటుంది. వంతెన మీద కారు ఆపి ఫొటోలు తీయడానికి వీల్లేదు, దాటాక కాస్త దూరంలో ఆపుకోవాలి. వెళ్లేటప్పుడు లోయ దారిలో పోయి, తిరిగి వచ్చేటప్పుడు టోల్ హైవే మీద వచ్చేయండి. అదే డ్రైవరుని పిలవండి, మామిడిపళ్ల వాదన ఇంకా తేలలేదు కదా.